1971 యుద్ధంలో పనిచేసిన మా హవల్దారు తాతగారి గురించి బోర్డు మీద ఏమి రాయించాలి?

వశిష్ఠతీరం
మా ఊరి హవల్దారు తాతగారు పోయిన వారం తెల్లవారుజామున కన్నుమూశారు. రాజోలు వైపు మా లంకల్లో ఆయన అసలు పేరు తెలియనివారు ఉండవచ్చు గానీ, హవల్దారు గారంటే తెలియనివారు లేరు. సైన్యంలో దారులు, వంతెనలు వేసే, మందుపాతరలు తీసే ఇంజనీరు దళం మద్రాస్ సాపర్స్‌లో చేరి, 71 యుద్ధంలో పనిచేసి, 84లో పింఛనుతో ఇంటికొచ్చి, అక్కడి నుంచి ఊపిరి ఉన్నంతకాలం ఊరి పనులకు ముందు నిలబడ్డ మనిషి.

నా బాధ ఏమిటంటే, సెంటర్లో కుర్రవాళ్లు ఆయనకు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద యుద్ధ విమానం, వెనక మంటలు, ఒక పక్కన ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతున్న ఫొటో, కింద ‘వందలాది శత్రువులను మట్టుపెట్టిన వీరుడు’ అని పెద్ద అక్షరాలు. తాతగారు విమానం నడపలేదు, ఢాకా వెళ్లలేదు, తాను ఎవరినైనా చంపానని ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు పంచాయతీ పెద్దలు బడి గోడకు పాలరాతి బోర్డు పెడతామని, ఆ ఫ్లెక్సీలో మాటలే చెక్కిస్తామని అంటున్నారు. ఫ్లెక్సీ రెండు వానలకు చిరిగిపోతుంది. రాయి అలా పోదు. రేపు ఆయన మునిమనవలు చదివేది అదే.

ఆయనను ఎరిగినవారు, సైన్యంలో చేసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. ఏమి రాయిస్తే సరిగ్గా ఉంటుంది?

గౌతమిపాయ
అయ్యో, పోయారా! మా అత్తవారిది మీ పక్క ఊరే. సంక్రాంతికి వెళ్లినప్పుడల్లా ఏటిగట్టు మీద చేతికర్రతో నడుస్తూ కనిపించేవారు. మనిషి ఎనభై దాటినా వెన్ను వంగలేదు.

ఫ్లెక్సీ గురించి మాత్రం కుర్రవాళ్ల మీద అంత కోపం వద్దు. వాళ్లు సొంత డబ్బులు వేసుకుని కట్టారు కదా. ప్రేమతో చేసిన పని.

వశిష్ఠతీరం
గౌతమిపాయ గారూ, ప్రేమ లేదని నేను అనలేదు. పాడె మోసింది కూడా వాళ్లే. కానీ ఆయన చేసిన పని ఒకటైతే మనం మరొకటి రాస్తే, ఆయన చేసినది చాలలేదని మనమే చెప్పినట్టు అవుతుంది. అదే నాకు మింగుడుపడటం లేదు.

నీలగిరి_మద్రాసీ
నేను మద్రాస్ రెజిమెంట్‌లో చేసి వచ్చినవాణ్ని. వెల్లింగ్టన్‌లో శిక్షణ. హవల్దారు గారి పతకాలు ఇంట్లో ఉన్నాయా? వాటిని చూస్తే సగం సంగతి తేలిపోతుంది. ఎవరి ఊహలూ అక్కర్లేదు.

వశిష్ఠతీరం
ఉన్నాయి. మామ్మగారు రేకు పెట్టెలో, పాత పట్టు చీర మడతలో దాచారు. ఈ రోజే తీసి చూశాను. ఒకటి నక్షత్రం ఆకారంలో ఉంది, ‘పశ్చిమీ స్టార్’ అని ఉంది. సంగ్రామ్ మెడల్ ఒకటి, రక్షా మెడల్ ఒకటి, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా ఇచ్చినది ఒకటి. రిబ్బన్లు మాసిపోయాయి.

నీలగిరి_మద్రాసీ
అయితే సందేహం లేదు. 71లో తూర్పు రంగంలో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ వైపు పనిచేసినవారికి పూర్వీ స్టార్. పడమటి సరిహద్దు యుద్ధ ప్రాంతంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్. సంగ్రామ్ మెడల్ ఆ కాలంలో సర్వీసులో ఉన్నవారికి విస్తృతంగా ఇచ్చారు, 65 యుద్ధానికి రక్షా మెడల్ కూడా అలాంటిదే. అంటే మీ తాతగారు పంజాబ్, జమ్మూ వైపో రాజస్థాన్ వైపో యుద్ధ ప్రాంతంలో ఉన్నారు. ఢాకా ఫొటో తీసేయవలసిందే.

ఇంకొక మాట. పతకాలను బ్రాసో పెట్టి తోమకండి. అంచునో వెనకో నంబరు, పేరు చెక్కి ఉంటాయి. అరిగిపోతే మళ్లీ రావు.

ఊరికి_దూరం
నేను ఆ ఊరివాణ్నే, ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాను. వార్త విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. బోర్డు ఏమిటండీ, విగ్రహం పెట్టాలి! మేము ఇక్కడ నలుగురం కలిసి చందా పంపుతాం. నిలువెత్తు విగ్రహం, చేతిలో తుపాకీ.

కొబ్బరితోట_కబుర్లు
ఆయన చేతిలో తుపాకీ నేనైతే ఏనాడూ చూడలేదు. నేను చూసింది సన్నటి ఇనుప ఊచ.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఏటి ఇసుక తిన్నెల మీద మాకు ఒక ఆట నేర్పారు. కొబ్బరి చిప్పలు బోర్లించి ఇసుకలో పాతిపెట్టేవారు. మేము బోర్లా పడుకుని, ఊచతో ఒక్కొక్క జానెడూ వెతుక్కుంటూ ముందుకు పాకాలి. ఊచను నిలువుగా గుచ్చితే ఆట అయిపోయినట్టే. ఏటవాలుగా, వేళ్లతో తోస్తున్నట్టు గుచ్చాలి. ఎందుకని అడిగితే, నిలువుగా గుచ్చితే మందుపాతర నెత్తి మీద ఒత్తిడి పడి పేలుతుందని, పక్క నుంచి తగిలితే ఏమీ కాదని చెప్పారు. ఊచకు ఏదో తగిలిందనిపిస్తే అక్కడే ఆగి, చేతులతో మెల్లగా ఇసుక తీసి చూడాలి. వెతికిన దారికి రెండు పక్కలా తెల్ల గుడ్డపీలికలు పరచాలి. మా అన్నయ్య తొందరపడి చిప్ప మీద మోచెయ్యి పెడితే, ‘తంబీ, నీకు రేపటి నుంచి జీతం లేదు’ అనేవారు. అందరం పడిపడి నవ్వేవాళ్లం.

మమ్మల్నందరినీ తంబీ అనే పిలిచేవారు. చాలాకాలం నేను ఆయనను అరవవారనే అనుకున్నాను.

తంబీ_విశ్రాంత
కొబ్బరితోట గారి పోస్టు చదివి కళ్లు చెమర్చాయి. నేను కూడా మద్రాస్ సాపర్నే. బెంగళూరు అలసూరు చెరువు పక్కన మా సెంటర్. అక్కడ శిక్షణ అయినవాడు తెలుగువాడైనా, మలయాళీ అయినా, కన్నడిగుడైనా తంబీయే. ఆ పిలుపు మాతోపాటు ఇంటికి వస్తుంది.

నేను చేరేనాటికి 71 అయిపోయి కొన్నేళ్లయింది. కానీ మా సీనియర్లు చాలామంది ఆ యుద్ధం చేసినవారే. హవల్దారు గారు ఏ రెజిమెంట్? ఇంజనీర్ రెజిమెంట్ నంబరు డిశ్చార్జి పుస్తకంలో ఉంటుంది, చూడండి.

వశిష్ఠతీరం
చూశాను. 9 ఇంజనీర్ రెజిమెంట్ అని ఉంది.

తంబీ_విశ్రాంత
9 ఇంజనీర్ రెజిమెంటా! అయితే ఆయన బసంతర్ తంబీ.

అందరికీ తెలియాలని కొంచెం వివరంగా రాస్తాను. పడమటి సరిహద్దు అవతల, పాకిస్తాన్‌లోని శకర్‌గఢ్ ప్రాంతంలో మన 54వ పదాతి డివిజన్ ముందుకు వెళుతోంది. ఎదురుగా బసంతర్ నది. నదిలో నీళ్లు పెద్దగా లేవు గానీ, అటూ ఇటూ పాకిస్తాన్ సైన్యం పాతిన మందుపాతరలు దట్టంగా ఉన్నాయి. పదాతి దళం రాత్రి నది దాటి అవతల కాలూనింది. కానీ తెల్లవారేలోపు మన ట్యాంకులు అవతలికి చేరకపోతే, శత్రువు ట్యాంకులు వచ్చి వాళ్లను తుడిచిపెట్టేస్తాయి. ట్యాంకులు వెళ్లాలంటే దారి కావాలి. ఆ దారి వేయవలసింది సాపర్లు.

1971 డిసెంబరు 15 రాత్రి. చీకటి, మంచు, పై నుంచి ఫిరంగి గుళ్లు. ముందు బరువైన రోలర్లు కట్టిన ట్రాల్ ట్యాంకులు ఉన్నా, అవి అన్ని చోట్లా పనిచేయవు. మిగిలినది మనిషి వేళ్లతో చేయవలసిందే. చలికి వేళ్లు కొంకర్లు పోతే చంకలో పెట్టుకుని వేడి చేసుకుని మళ్లీ ఊచ పట్టుకునేవాళ్లమని మా సుబేదారు గారు చెప్పేవారు. గుళ్లు పడుతున్నాయని లేచి పరుగెత్తడానికి లేదు. చుట్టూ మందుపాతరలే. పడుకున్న చోటే పడుకుని పని చేయాలి. తిరిగి కాల్చడానికి చేతిలో ఆయుధం ఉండదు.

దారి పూర్తి కాకముందే పూనా హార్స్ ట్యాంకులు తెగించి ముందుకు సాగి, అవతలి వాళ్లను అందుకున్నాయి. మర్నాడు అక్కడ జరిగిన ట్యాంకుల పోరులోనే 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందారు. ఆయన పేరు దేశమంతా తెలుసు, తెలియాలి కూడా. అదే చోట 9 ఇంజనీర్ రెజిమెంట్ మేజర్ విజయ్ రతన్ చౌధరి కూడా నేలకొరిగారు. మహావీర చక్ర ఇచ్చారు. ఆ పేరు మన దగ్గర ఎంతమంది విన్నారు?

పాలకొల్లు_పంతులు
తంబీ గారి పోస్టు మా పదో తరగతి పిల్లలకు రేపు చదివి వినిపిస్తాను.

ఇక్కడ ఒక సంగతి కలపాలనిపిస్తోంది. మన డెల్టాలో ఊరూరా విగ్రహం ఉన్న కాటన్ దొర కూడా మద్రాస్ ఇంజనీర్స్ అధికారే. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. మద్రాస్ సాపర్లు తమ పుట్టుక 1780 నాటి మద్రాస్ పయనీర్ల నుంచి అని లెక్క పెట్టుకుంటారు. అంటే మన పొలాలకు నీళ్లు తెచ్చిన దొరా, మన హవల్దారు గారూ ఒకే వంశంవారు. పిల్లలకు ఇది చెబితే ఎంత బాగుంటుంది!

గౌతమిపాయ
పంతులు గారూ, నాకు ఇది కొత్త సంగతి. బాగుంది.

ఏటిగట్టు
యుద్ధం సంగతి సైన్యంవాళ్లు చెప్పారు. గోదావరి సంగతి నేను చెప్పాలి. నేను ఆ ఊరి రైతును.

86 ఆగస్టు వరద గుర్తున్నవాళ్లు ఇక్కడ కొందరైనా ఉంటారు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. అంత నీరు ఆ తర్వాత మళ్లీ చూడలేదు. మా దగ్గర ఏటిగట్టుకు జానెడు కిందకు వచ్చేసింది. ఊరు ఊరంతా గట్టెక్కింది. అర్ధరాత్రి దాటాక గట్టుకు ఊరివైపు, అడుగున, నేలలోంచి నీరు ఉబికి రావడం మొదలైంది. అక్కడ ఉన్నవాళ్లమంతా ఒకటే అరుపులు. మట్టి తెండి, బస్తాలు వేసి తొక్కండి, మూసేయండి అని.

హవల్దారు గారు లాంతరు పట్టుకుని వచ్చి, ఆ నీటిని అరచేతిలోకి తీసుకుని చూశారు. బురదగా ఉంది. అంటే గట్టు లోపల మట్టి కొట్టుకొస్తోంది. అయినా ‘మూయవద్దు, ఒక్క పార మట్టి కూడా వేయవద్దు’ అన్నారు. మూస్తే నీరు లోపల మరోచోట దారి చూసుకుని గట్టునే లేపేస్తుందట. ఆ ఊట చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్పించారు, నూతికి ఒర కట్టినట్టు. లోపల నీరు నడుము ఎత్తు వచ్చేదాకా వరుస మీద వరుస. బస్తాలు నిండా కుక్కనివ్వలేదు, ముప్పాతిక నింపితేనే ఒకదానిపై ఒకటి సర్దుకుంటాయని. లోపల నీటి మట్టం పెరిగేకొద్దీ ఉబుకు తగ్గింది. ఆయన మధ్యమధ్య దోసిలి పట్టి చూస్తూనే ఉన్నారు. తెల్లవారాక ఒకసారి దోసిలి నాకు చూపించారు. తేటగా ఉంది. గట్టు నిలిచింది.

మా ఆవిడ అప్పుడు నిండు గర్భిణి. మా పెద్దవాడు ఆ మర్నాడు పుట్టాడు. వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ గట్టు తెగి ఉంటే ఈ పోస్టు రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు.

కొబ్బరితోట_కబుర్లు
ఏటిగట్టు గారూ, ఇది మా నాన్నగారు కూడా చెప్పేవారు. 96 నవంబరు తుఫాను తెల్లారి రోడ్లకు అడ్డంగా పడ్డ కొబ్బరి చెట్లను రంపాలతో కోయించి, దారి తీయించినది కూడా ఆయనే. ఎవరి తోట అని అడగకుండా ముందు ఆసుపత్రి దారి తీయించారు.

మెరకవీధి
2022 జూలై వరదకు కూడా ఆయన గట్టు మీదకు వచ్చారు. భద్రాచలంలో 71 అడుగులు దాటింది అప్పుడు. నడవలేకపోతున్నారని కుర్చీ వేశాం. కుర్చీలో కూర్చునే మమ్మల్ని గట్టు పొడవునా రాత్రంతా తిప్పారు. ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. మాకు బసంతర్ సంగతి ఎవరూ చెప్పలేదు. తాతగారు చెప్పేవారు కాదు. యుద్ధం ఎలా ఉంటుందో మాకు తెలిసింది సినిమాల్లోనే. తంబీ గారు రాసినది చదివాక మా గుంపులో అందరికీ పంపాను. బోర్డు మాటలు మార్చడానికి మేమందరం మీ వైపే.

వశిష్ఠతీరం
మెరకవీధి, నువ్వు ఇలా అన్నావంటే నాకు చాలా ధైర్యంగా ఉంది, నాన్నా. పంచాయతీకి అందరం కలిసి వెళదాం.

విశాఖ_ఒడ్డు
నాది మీ ప్రాంతం కాదు గానీ ఒక విన్నపం. బోర్డు మీద 1971 అని రాసేటప్పుడు, ఆ యుద్ధం మన తీరం దాకా వచ్చిందని కూడా పిల్లలకు చెప్పండి. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ రేవు ఎదుటే. కిటికీలకు నల్ల కాగితాలు అంటించుకుని చీకట్లో కూర్చున్నామని మా అమ్మ చెబుతుంది. మా బీచి రోడ్డులో విజయ స్తూపం అందుకే ఉంది.

ఊరికి_దూరం
ఇవన్నీ చదివాక విగ్రహం ఇంకా తప్పనిసరి అనిపిస్తోంది నాకు. తుపాకీ వద్దు సరే. చేతిలో ఆ ఊచ పెట్టండి. ఇంత చేసిన మనిషికి గోడ మీద ఒక పలక చాలా?

ఏటిగట్టు
బాబూ, నీ అభిమానం అర్థమైంది. కానీ మన సెంటర్లో ఇప్పటికే ఉన్న విగ్రహాల గొడవలు నీకు తెలియనివి కావు. దేని పక్కన పెట్టాలి, ఎవరు ఆవిష్కరించాలి అని రెండు వర్గాలు తయారవుతాయి. హవల్దారు గారిని అందులోకి లాగవద్దు. ఆ డబ్బుతో గట్టు దగ్గర ఒక గది కట్టి ఖాళీ బస్తాలు, పారలు, టార్చిలైట్లు, తాళ్లు పెడదాం. వరద వచ్చిన రాత్రి బస్తాల కోసం తిరిగే గతి తప్పుతుంది. దానికి ఆయన పేరు పెడదాం.

పాలకొల్లు_పంతులు
నా ఓటు ఏటిగట్టు గారికి.

తంబీ_విశ్రాంత
సాపరు పేరు పెట్టడానికి సామాను గది కంటే మంచిది లేదు. ఒట్టు.

ఊరికి_దూరం
మామ్మగారు ఏమంటారో అడిగారా ఎవరైనా? ఆవిడ సరేనంటే నాకూ సరే. చందా మాత్రం తగ్గించను.

వశిష్ఠతీరం
అడిగాను. ‘ఆయన ఫొటోకు దండ వేసే చోటు ఇంట్లో ఉంది, బయట పనికొచ్చేది ఏదైనా చేయండి’ అన్నారు.

శేషప్రశ్న
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. అంతిమయాత్రలో జాతీయ జెండా కప్పారని విన్నాను. మామూలుగా చనిపోయిన మాజీ సైనికుడికి అలా కప్పవచ్చా? నేరం అవుతుందని ఎవరో అంటున్నారు.

నీలగిరి_మద్రాసీ
జెండా నియమావళి ప్రకారం ప్రభుత్వ లాంఛనాలతో, సైనిక, కేంద్ర సాయుధ బలగాల లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లోనే జెండా కప్పాలి. ఎవరికి వారు ఇంట్లో నిర్ణయించుకుని కప్పడం సరికాదు. లాంఛనాలతో జరిగినప్పుడు కూడా కాషాయం తల వైపు ఉండాలి, చితికి ముందు తీసేయాలి, కాల్చకూడదు.

మెరకవీధి
పాడె మీద కప్పాం, నిజమే. చితి దగ్గర మాజీ సైనికులు ఇద్దరు వచ్చి, ఎంతో గౌరవంగా తీసి, మడిచి పక్కన పెట్టారు. ఎవరూ మమ్మల్ని కసరలేదు.

నీలగిరి_మద్రాసీ
మంచి పని చేశారు వాళ్లు. నేరం అంటూ ఆ ఇంటివాళ్లను ఎవరూ భయపెట్టకండి. ఊళ్లో మాజీ సైనికుడు పోయినప్పుడు ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఫోను చేస్తే, ఏది కుదురుతుందో ఏది కుదరదో వాళ్లే చెబుతారు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఇది అందరికీ అలవాటే, మిగతా ఊళ్లకే తెలియదు.

తంబీ_విశ్రాంత
బోర్డు కంటే అవసరమైన మాట ఒకటి అడుగుతాను. మామ్మగారికి కుటుంబ పింఛను సంగతి చూశారా?

వశిష్ఠతీరం
లేదు. కొడుకు పుణేలో. కర్మకాండలు ముగించుకుని వెళ్లిపోయాడు. చూడాలి.

తంబీ_విశ్రాంత
ఆలస్యం చేయకండి. మరణ ధ్రువీకరణ పత్రం తీసుకోండి. పీపీఓలో, అంటే పింఛను చెల్లింపు ఉత్తర్వులో, మామ్మగారి పేరు ఉందో లేదో చూడండి. మన తరం వాళ్లలో ఎక్కువమందికి వచ్చే చిక్కు ఇదే. సైన్యం రికార్డుల్లో పుట్టింటి పేరో, ముద్దుపేరో ఉంటుంది, ఆధార్‌లో వేరేది ఉంటుంది. పుట్టిన తేదీ కూడా కలవదు. అప్పుడు బెంగళూరు రికార్డ్స్ ఆఫీసుతో ఉత్తరాలు నడపాలి. ఇప్పుడు పింఛన్లు రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ స్పర్శ్ ద్వారా వస్తున్నాయి కాబట్టి మరణం సంగతి అందులో నమోదు చేయించాలి. అప్పటిదాకా తాతగారి ఖాతాలో పింఛను పడితే ముట్టుకోవద్దని చెప్పండి, తర్వాత వెనక్కి కట్టమంటారు. మధ్యవర్తులకు ఒక్క రూపాయి ఇవ్వవద్దు. సైనిక సంక్షేమ కార్యాలయంలో ఈ పనికి డబ్బు తీసుకోరు.

వశిష్ఠతీరం
డిశ్చార్జి పుస్తకంలో ‘సత్తెమ్మ’ తరహాలో పిలుపు పేరు రాసి ఉంది, ఆధార్‌లో పూర్తి పేరు. మీరు చెప్పిన చిక్కే.

ఇదిగో, బోర్డుకు నేను అనుకున్న మాటలు. చూసి దిద్దండి:

‘మద్రాస్ సాపర్స్, 9 ఇంజనీర్ రెజిమెంట్ హవల్దారు. 1971 డిసెంబరులో బసంతర్ నది వద్ద మందుపాతరలు తొలగించి మన ట్యాంకులకు దారి వేసినవారిలో ఒకరు. 1986 ఆగస్టు గోదావరి వరదలో ఈ గట్టును గ్రామస్థులతో కలిసి నిలబెట్టినవారు.’

నీలగిరి_మద్రాసీ
బాగుంది. ఒక సందేహం. ఆ రెజిమెంటులో ఉన్నారు సరే, ఆ రాత్రి నది దగ్గరే ఉన్నారని ఆధారం ఉందా? రెజిమెంటులో అందరూ ఒకే చోట ఉండరు.

కొబ్బరితోట_కబుర్లు
అదేమిటండీ, ఊచతో మాకు నేర్పింది ఏమిటి మరి?

నీలగిరి_మద్రాసీ
అమ్మా, ఊచ పట్టడం ప్రతి సాపరుకూ నేర్పుతారు. నేను ఆయనను తక్కువ చేయడం లేదు. ఫ్లెక్సీ మీద లేనిది రాశారని మొదలైన చర్చ ఇది, రాతి మీద మనం కూడా తెలిసినంతే రాయాలి.

ఏటిగట్టు
ఒకసారి గట్టు మీద నాతో అన్నారు. అవతల ఒడ్డున ట్యాంకులు కదిలిన చప్పుడు విన్నాక గానీ తల ఎత్తలేదని. నదికి పేరు చెప్పలేదు. నేను అడగలేదు.

తంబీ_విశ్రాంత
నాకు అది చాలు. కానీ మద్రాసీ గారి పట్టుదల కూడా న్యాయమైనదే. ‘బసంతర్ పోరులో దారి వేసిన 9 ఇంజనీర్ రెజిమెంట్ హవల్దారు’ అని రాయండి. అందులో ప్రతి అక్షరం నిజం. రికార్డ్స్ వాళ్ల నుంచి సర్వీసు వివరాలు వచ్చాక ఇంకేమైనా ఉంటే అప్పుడు కలపవచ్చు, కింద రెండు వరుసలు ఖాళీ వదలమనండి.

మెరకవీధి
రాయి చెక్కేవాడు మా స్నేహితుడే. ఖాళీ వదలమని చెబుతాను. పింఛను పని కూడా మాకు అప్పగించండి. సోమవారం మామ్మగారిని సైనిక సంక్షేమ కార్యాలయానికి మా కారులో తీసుకువెళతాం. డిశ్చార్జి పుస్తకం, పీపీఓ, ఆధార్, బ్యాంకు పుస్తకం, మరణ పత్రం. ఇంకేమైనా కావాలా తంబీ గారూ?

తంబీ_విశ్రాంత
ఇద్దరి ఉమ్మడి ఫొటో, మామ్మగారి పాన్ కార్డు ఉంటే అదీ. అన్నిటికీ రెండేసి నకళ్లు. ఉదయం పది లోపే చేరండి, మధ్యాహ్నం దాటితే రద్దీ. అక్కడ ఏ కాగితం దగ్గర ఆగినా నాకు ఇక్కడే రాయండి, సోమవారం నేను ఇంట్లోనే ఉంటాను.